తండ్రి కార్డు మీద పాప

తెల్ల బూట్లకు పాలిష్ పెడుతుంటే వచ్చింది ఆ కవరు. కూతురి బడిలో శనివారం యూనిఫాం తెల్లది, బూట్లూ తెల్లవే. ఈ పద్ధతి పెట్టినవాడెవడో జన్మలో ఒక్క జత కూడా కడిగి ఉండడని అమల ప్రతి శుక్రవారం అనుకుంటుంది. లాడ్ బజార్‌లో ఆమె పనిచేసే గాజుల దుకాణానికి శుక్రవారం సెలవు. సెలవంటే వారం పాటు పేరుకున్న ఇంటి పనంతా ఒక్కరోజులో చేయాలని అర్థం. మిగతా ఆరు రోజులూ ఊరివాళ్ల చేతులకు గాజులు తొడుగుతుంది. ఆ వేళ్లతోనే పోస్ట్‌మాన్‌కు సంతకం పెట్టి, నిలబడే కవరు చించింది.

కోర్టు నుంచి. మహేష్ పిటిషన్ వేశాడు. మూడేళ్ల కిందట విడాకులప్పుడు ఇచ్చిన ఆర్డరు మార్చాలట. తొమ్మిదేళ్ల వర్షితను తనకే అప్పగించాలట. పాప ఖర్చుకని నెలనెలా ఇస్తున్నది ఆపెయ్యాలట. ఇద్దరి పేరునా కొన్న ఈ ఉప్పుగూడ ఇంట్లో, పాప పెద్దదయ్యేదాకా తల్లీబిడ్డలు ఉండొచ్చన్న మాట కొట్టేసి, ఇల్లు అమ్ముకోనివ్వాలట. ఇక్కడిదాకా అమలకు కోపం మాత్రమే వచ్చింది. మహేష్ మీద కోపం ఆమెకు కొత్త కాదు. తరువాతి వాక్యం మాత్రం రెండుసార్లు చదివింది. "పాప మూడేళ్లుగా నా వద్దనే నివసిస్తున్నది."

పొద్దున టమాటా అన్నం వద్దని ఏడ్చి, చివరికి అదే డబ్బాలో పెట్టించుకుని బడికి పోయిన పిల్ల ఎవరు మరి? ఆ పిల్ల తుడుచుకుని పారేసిన తడి టవలు ఇంకా మంచం మీదే ఉంది. అమల టవలు వంక చూసింది, కాగితం వంక చూసింది. ఏది నమ్మాలో తెలియలేదు.

మధ్యాహ్నం లాయరు గీతాంజలి ఆఫీసులో కూర్చుంది. గీతాంజలి పిటిషన్ చివరి పేజీలు తిప్పి, ఒక కాగితాన్ని ఆమె వైపు జరిపింది.

"అమల గారూ, ఇది ఎవరి చేతిరాత?"

గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. "నాదే మేడమ్" అంది అమల.

ఈ చేతిరాత సంగతి కొంచెం చెప్పాలి. మహేష్ కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో టెక్నీషియన్. ఎంత పెద్ద మిషన్‌కైనా జంకడు, ఫారం చూస్తే మాత్రం చెమటలు పట్టేవి. పెళ్లయిన వారానికే లీవు లెటరు తెచ్చి అమల ముందు పెట్టాడు. "నీ రాత ముత్యాలే. నువ్వు రాస్తే మా సార్లు అడ్డం చెప్పరు" అన్నాడు. ఎనిమిదేళ్ల కాపురంలో అతను ఆమెలో మెచ్చుకున్నది అదొక్కటే. కూరలో ఉప్పు ఎక్కువ, మాటలో పొగరు ఎక్కువ, చేతిరాత మాత్రం ముత్యాలు. ఆ ఒక్క మెచ్చుకోలునూ పిచ్చిది అపురూపంగా దాచుకుంది. లోను అప్లికేషన్లు, ప్రమోషన్ అర్జీలు, డ్యూటీకి ఆలస్యంగా పోయినందుకు సంజాయిషీలు, అన్నీ ఆమే. లేని జ్వరాలు తెప్పించింది, బతికున్న బంధువులను చంపింది. నవ్వకండి, విడాకులకు లాయరు అడిగిన వివరాలు కూడా ఇద్దరి తరఫునా ఆమే వరుసగా రాసి ఇచ్చింది. విడిపోయాక కూడా ఆ చాకిరీ పోలేదు. వర్షితకు ఆయాసం. ఫ్యాక్టరీ మెడికల్ కార్డు మీద మందులూ ఆస్పత్రీ ఉచితం, కాని ఉద్యోగితో కలిసి ఉంటున్న పిల్లలకే. విడాకుల తరువాత వచ్చిన మొదటి ఏప్రిల్‌లో అత్త కొమురమ్మ స్టీలు గిన్నెలో జున్ను పట్టుకుని వచ్చింది, గిన్నె కింద ఫారం. "ఒట్టి కాయితమే గదనే. ఆని కాడ ఉంటున్నదని రాస్తే ఏం పోతది? పిల్ల ఊపిరి కంటె ఎక్కువనా?" అంది. ఆ ముందు వారమే పిల్ల రొప్పుతుంటే ఆటోలో వేసుకుని పరుగెత్తిన అమల, మారు మాట్లాడకుండా రాసింది. రెండో ఏడూ రాసింది. పోయిన ఏప్రిల్‌లో మహేషే ఫోన్ చేశాడు. "పిల్ల తల్లి దగ్గర ఎందుకు లేదని ఆఫీసుల అడుగుతున్నరు. తెల్ల కాయితం మీద ఏదో ఒకటి రాసియ్యి. నీకు చెప్పాల్నా?"

ఆమెకు చెప్పనక్కరలేదు. అదే ఆమె ఖర్మ. వంట గట్టు మీద కాగితం పెట్టుకుని, పప్పు ఉడికేలోగా రాసేసింది: "దుకాణంలో పని వేళల వలన పాపను చూసుకొను తీరిక నాకు లేదు. తండ్రి వద్ద పాప సుఖముగా ఉన్నది. ఇకముందు కూడా తండ్రి వద్దనే పెరుగుట నాకు సమ్మతము."

ఆ చివరి వాక్యం ఎవరూ అడగలేదు. అది ఉంటే కాగితం గట్టిగా ఉంటుందని తానే చేర్చింది. పిటిషన్‌లో సరిగ్గా ఆ వాక్యం కిందే గీత గీసి ఉంది.

"ఆఫీసు ఈ లెటరు అడిగినట్టు ఎక్కడా లేదు" అంది గీతాంజలి. "వాళ్లకు ఫారం చాలు. ఇది ఆయన సొంతానికి రాయించుకున్నడు."

అమలకు ఏడుపు రాలేదు. చెంపదెబ్బ తిన్న మనిషికి మొదట నొప్పి తెలియదు, చెవిలో హోరు తెలుస్తుంది. మహేష్ మోసగాడని తెలియక కాదు. అతని మోసాన్ని తానే కుదురుగా కూర్చుని తీర్చిదిద్దినందుకు. అతని పక్కన లేకపోయినా, అతని కాగితం నెగ్గాలని తన చెయ్యి తాపత్రయపడినందుకు ఆమెకు సిగ్గేసింది.

"ఆర్డరు మార్చాలంటే పరిస్థితులు మారినయని చూపియ్యాలె. ఆయన మీ రాతతోనే చూపిస్తున్నడు" అంది గీతాంజలి. "మనకు స్కూలు ఉన్నది, పక్కింటోళ్లు ఉన్నరు. కానీ ముందు ఇది అబద్ధమని మీరు ఒప్పుకోవాలె. ఒప్పుకుంటే కార్డు పోతది. ఆయన మీద ఎంక్వైరీ రావచ్చు. మీరు అబద్ధం రాసిండ్రని రికార్డుల పడ్తది."

"ఒప్పుకోకపోతే?"

"పాప పోవచ్చు."

ఆదివారం పొద్దున, అమల ఇంకా దుకాణానికి బయలుదేరకముందే, వర్షిత వాకిట్లో తొక్కుడు బిళ్ల ఆడుతుంటే కొమురమ్మ వచ్చింది. ఈసారి గిన్నె లేదు. మనుమరాలి తల నిమిరి, లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు తగ్గించింది.

"కోర్టుల నోరిప్పకు బిడ్డా. నువ్వు నిజం చెప్తే ఆని నౌకరికి ఎసరొస్తది. పిల్ల యాడుంటే ఏంది, నీ బిడ్డ నీ బిడ్డే గద. ఆదివారం ఆదివారం వచ్చి చూస్కో."

ఆదివారం ఆదివారం. దుకాణానికి ఆదివారం సెలవు కూడా కాదు. తన కడుపున పుట్టిన పిల్లకు తనను చుట్టాన్ని చేస్తూ, ఈమె ఎంత మెత్తగా మాట్లాడుతోంది!

"మహేష్ డ్యూటీకి పోతే పిల్లను ఎవరు చూస్తరు అత్తమ్మా?"

"నాకేమెరుక? ఆడే ఏదో చూస్కుంటడంట."

అమల లేచి పిటిషన్ తెచ్చింది. ఆ పేరా వెతికి, ఒక్కో మాటే చదివింది. "నా తల్లి కొమురమ్మ తన బర్రెలను అమ్మివేసి, ఇంటిపట్టునే ఉండి పాపను పెంచుటకు అంగీకరించినది."

కొమురమ్మ ముందుకు వంగింది. "మల్ల సదువు" అంది.

అమల మళ్లీ చదివింది.

"నా బర్రెలా?" ముసలామె గొంతు కీచుగా లేచింది. "నేను అమ్మిన్నా? ఎవలకు అమ్మిన్నే? ఆళ్ల నాయిన పోయినంక ఆ బర్రెల పాలు పోసే గద ఆన్ని సదివిచ్చిన. ఇప్పటికీ చీకటితోనే లేస్తున్న, ఒకల దగ్గర చెయ్యి చాపలే." కాగితాన్ని తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పింది. "నన్ను అడగలే బిడ్డా. ఒక్క మాట అడగలే."

అమలకు జాలి వేసింది, జాలితో పాటు కసి కూడా. మిమ్మల్ని అడగకుండానే మీ ఒప్పుకోలు కూడా రాసేశాడు చూశారా అనాలనిపించింది. అనలేదు. తన ఒప్పుకోలును తన చేత్తోనే రాసుకున్న మనిషి, ఇంకొకరిని ఏమని ఎత్తిపొడుస్తుంది? మంచినీళ్లు తెచ్చిచ్చింది. కొమురమ్మ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. బయట బిళ్ల గీత మీద పడిందో లేదోనని వర్షిత పక్కింటి పిల్లతో లొల్లి పెట్టుకుంటోంది.

కొమురమ్మ గ్లాసు కింద పెట్టి తేరుకుంది. ఎంతైనా కన్నతల్లి. "బర్రెల సంగతి ఆన్ని నేను అడుగుత. నువ్వు మాత్రం చెప్పకే. ఆడు బజార్ల పడ్తడు."

"చెప్త అత్తమ్మా. అబద్ధం రాసిన అని చెప్త. ఎవరు రాయించుకున్నరో గూడ చెప్త." తన మాట తనకే ఆశ్చర్యంగా వినిపించింది. అల్మారాలోంచి మెడికల్ కార్డు తీసి కొమురమ్మ ఒళ్లో పెట్టింది. "ఇది మహేష్‌కు ఇచ్చెయ్యుండ్రి."

కొమురమ్మ నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడింది. "ఓసి, పిల్లకు ఊపిరి ఆడకపోతే ఏం చేస్తవే? మందులు యాడికెల్లి తెస్తవు?"

"సర్కారు దవాఖానల లైన్ల నిలబడ్త. పొద్దుగాల ఆరింటికే పోయి నిలబడ్త. పిల్ల నా చెయ్యి పట్టుకొని నిలబడ్తది. అది ఎవరి కాడ ఉంటున్నదో ఆడ ఎవ్వరు కాయితం రాసియ్యమనరు అత్తమ్మా."