దొరగారి తువ్వాలు

మా చెల్లి తన గురించి రాసుకున్నది రెండే రెండు ముక్కలు. "పాటలంటే ప్రాణం. నాకో కుక్క ఉంది."

పెళ్లి సంబంధాల యాప్‌లో మిగతావాళ్లంతా ఎత్తు, జీతం, చదువు, నవ్వుతూ నాలుగు ఫొటోలు, సర్దుకుపోతాననే హామీ, అన్నీ ఏకరువు పెడుతుంటే ఇది ఈ రెండు ముక్కలూ రాసి, చేతులు దులుపుకుని నా దగ్గరికి తెచ్చి చూపించింది.

"ఇదేం పరిచయమే? ఇల్లు అద్దెకు వెతుక్కునేవాళ్లు ఇంతకన్నా ఎక్కువ రాస్తారు" అన్నాను.

"ఇల్లు వెతుక్కునేవాళ్లు కుక్క సంగతి దాచిపెడతారక్కా. నేను ముందే చెప్పేస్తున్నా. గిట్టనివాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు."

దాచడం దాని ఒంట్లో లేదని నేనూ అనుకున్నాను.

అది మా మేడమీద గదిలో ఉంటుంది. చెవుల ఆసుపత్రిలో పని. మనుషుల్ని ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి చప్పుళ్లు పంపిస్తుంది. వినపడితే చెయ్యెత్తాలి. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్లందరి చేతులూ ఎత్తిస్తుంది కానీ, ఇంటికొచ్చాక గిన్నెలు కడగవే అని నేను గొంతు చించుకున్నా దానికి మాత్రం వినపడదు.

ఇక కుక్క. ఆయన పేరు దొరగారు. కుక్కకు మర్యాదలేమిటని మొదట్లో నవ్వినవాళ్లున్నారు. ఒకసారి ఇంటికొచ్చి, మా ఆయన కుర్చీలో దిండు మీద దొరగారూ, పక్కన నేలమీద మా ఆయనా కూర్చుని ఉండడం చూశాక వాళ్లూ మీరనడం మొదలుపెట్టారు. గోధుమరంగు ఒళ్లు, వేలాడే చెవులు, ఎవరినీ లెక్కచెయ్యని చూపు. ముసలితనంలో ఆ చెవులు పనిచెయ్యడం మానేశాయి. మా చెల్లి వెనకనించి వెళ్లి పళ్లెం మీద గరిటెతో మోగించి చూసింది. దొరగారు తల తిప్పలేదు. ఆసుపత్రిలో అందరికీ నిబ్బరంగా చెప్పే మాట ఆ రోజు నాతో చెప్పకుండా గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అయినా సాయంత్రం పాట మానలేదు. మేడమీద మా నాన్నగారి నాటి చెక్క స్పీకరు ఒకటి ఉంది. మా చెల్లి అందులో రోజూ ఒకటే పాట పెడుతుంది, దొరగారు వచ్చి ఆ చెక్కమీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంటారు. పాట సగంలో మాటలన్నీ ఆగిపోయి వయొలిన్ ఒక్కటే వస్తుంది చూడండి, సరిగ్గా అక్కడ మూతి పైకెత్తి ఊళ అందుకుంటారు. ఒక్కనాడూ ముందు లేదు, వెనక లేదు.

"చెవితో కాదక్కా, దవడతో వింటున్నాడు" అనేది మా చెల్లి. చదువుకున్నది కదా, అయ్యుండొచ్చు.

ఆ పాటకు ముందు ఇంకో తతంగం ఉండేది. మా ఆయన బస్సు డిపోలో డ్యూటీ దిగి ఇంటికి రాగానే దొరగారిని వీధిలోకి తీసుకెళ్లేవారు. తిరిగొచ్చాక కుళాయి దగ్గర నాలుగు కాళ్లూ కడిగి, నీలం తువ్వాలుతో ఒక్కో వేలూ తుడిచి మేడమీదకు సాగనంపేవారు. అంత శ్రద్ధగల మనిషి ఆ తువ్వాలును ఆరేస్తారనుకుంటున్నారా? తీసుకెళ్లి మంచం మీద పడేసేవారు. నేను వంటింట్లోంచి చూసి కేకపెట్టేదాన్ని.

"ఏవండీ! తడి తువ్వాలు మంచం మీద వెయ్యకండి! ఇంకెన్నిసార్లు చెప్పాలి!"

పైన వయొలిన్, దాని మీద దొరగారి ఊళ, ఆ రెంటి మీదా నా కేక. రోజూ ఇదే. మా చెల్లి అప్పుడప్పుడూ ఆ ఊళను ఫోన్లో రికార్డు చేసుకునేది. అందులో నేనూ పడుతున్నానని దానికీ తట్టలేదు, నాకూ తెలియదు.

ఆ రెండు ముక్కల పరిచయానికి నలుగురు కదిలారు. ఒకాయన తనకూ సంగీతమంటే ఇష్టమేనని రాసి, రుజువుగా తన ఫోన్ రింగ్‌టోన్ పంపించాడు. ఇంకొకాయన, "కుక్కలు మామూలుగా ఎన్నేళ్లు బతుకుతాయండీ?" అని ఆరా తీశాడు. అద్దెకున్నవాళ్లు ఎప్పుడు ఖాళీ చేస్తారా అని చూసే ఇంటివాడిలా ఉన్నాడు. మా చెల్లి జవాబివ్వలేదు.

ఆ అడిగినవాడి నోటి చలవో ఏమో, ఆ నెలలోనే దొరగారు తిండి ముట్టుకోవడం మానేశారు. ఎంతసేపూ నీళ్లే. గిన్నె నింపడం, ఖాళీ చెయ్యడం. వయసు మీద పడింది, వేడి చేసిందేమోలే అనుకున్నాం. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆయన చూసి, "మూత్రపిండాలు రెండూ అయిపోయాయమ్మా. కాస్త ముందు తేవాల్సింది" అన్నాడు. మర్నాడు సాయంత్రం పాట లేదు.

మా ఆయన మాత్రం డ్యూటీ దిగి వచ్చి, అలవాటుగా చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, ఒక్కరే తిరిగొచ్చేవారు. నీలం తువ్వాలు కొక్కేనికి వేలాడుతూ ఎండిపోయి అట్టలా అయింది. దాన్ని నేనూ తియ్యలేదు.

"యాప్‌లో ఆ కుక్క ముక్క తీసెయ్యవే" అన్నాను ఒకరోజు.

"రేపు తీస్తాను" అంది.

ఆ రేపు రాకముందే యాప్‌లోకి పియానో ఆయన వచ్చాడు.

ఇళ్లకూ బళ్లకూ తిరిగి పియానోలు శ్రుతి చెయ్యడం ఆయన వృత్తి. ఆయన ఎత్తు అడగలేదు, జీతం చెప్పలేదు. మొట్టమొదటి మాటే, "మీ కుక్కకు ఏ పాటంటే ఇష్టమండీ?" అని. తనకూ ఒక కుక్కపిల్ల ఉందనీ, పేరు బుడంకాయ అనీ, తను ఏ మీట దగ్గర ఎక్కువసేపు ఆగితే అక్కడ తుమ్ముతుందనీ రాశాడు.

ఆ ప్రశ్న కోసం మా చెల్లి ఎన్నేళ్లు చూసిందో నాకు తెలుసు. దానికి, "చచ్చిపోయాడండీ" అని జవాబు రాయడానికి వేళ్లు రాలేదు. ఊళ రికార్డు పంపించింది. ఆయన పొంగిపోయి బుడంకాయ తుమ్ము పంపించాడు. అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఆయన ఇవాళ మీ దొరగారేం చేశారని అడగడం, ఇది దాచుకున్నవాటిలోంచి ఒక ఊళ తీసి పంపడం. ఆ ఊళలన్నింటి వెనకా నా తువ్వాలు కేక ఉంది. "మీ ఇంట్లో బావగారికి ఇవాళ కూడా అక్షింతలు పడ్డాయన్నమాట!" అని ఆయన రాస్తే, మా చెల్లి కిందికి పరిగెత్తుకొచ్చి నాకు చూపించింది. ఎన్నాళ్ల తర్వాతో దాని మొహంలో నవ్వు. ఆ నవ్వు చూసి కూడా, "చెప్పెయ్యవే. ఎంత ఆలస్యమైతే అంత కష్టం" అన్నాను.

"రేపు చెప్తానక్కా."

చివరికి ఆయనే ఇంటికొస్తానన్నాడు. ఆదివారం. వచ్చేలోపు ఫోన్ చేసి చెప్పేస్తానని నా చేతిలో చెయ్యేసింది. శనివారం ఫోన్ పట్టుకుని మెట్లమీద చాలాసేపు కూర్చుంది. లేచొచ్చి, "ఎదురుగా అయితే సరిగ్గా చెప్పగలనక్కా" అంది. గాజు గదిలో చెయ్యెత్తాలా వద్దా అని తటపటాయించేవాళ్లను చూస్తే దానికి చిరాకు. ఆ రోజు దాని వాలకం అచ్చం అలాగే ఉంది.

ఆదివారం వాన. ఆయన ఒక్కడే రాలేదు. గొడుగు తను పట్టుకోకుండా చంకలో ఉన్న బుడంకాయకు పట్టి, తను తడిసి వచ్చాడు. బక్కపలచటి మనిషి. కుక్కపిల్ల ఆయనకన్నా బక్కగా ఉంది.

"దొరగారికి చూపిద్దామని తెచ్చానండీ. ఏమనుకోకండి, గుమ్మంలో దిగి బురదంతా తొక్కేసింది" అన్నాడు.

మేమింకా మాట వెతుక్కుంటుండగానే మా ఆయన లేచారు. కొక్కేనికున్న నీలం తువ్వాలు తీశారు. కుక్కపిల్ల ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కాలూ ఎత్తి, వేళ్ల సందులు కూడా వదలకుండా తుడిచారు. తుడిచి, లేచి, తిన్నగా గదిలోకి వెళ్లి తువ్వాలు మంచం మీద పడేశారు. అదంతా ఆయన ఒంటికి వచ్చిన పని, బుర్రకు తెలిసి చేసింది కాదు.

పియానో ఆయన అది చూశాడు. చూసి, నావైపు తిరిగి, చిన్నపిల్లాడిలా మొహం వెలిగించుకుని, "అక్కగారూ, ఇప్పుడు మీ వంతు!" అన్నాడు.

ఆ ఒక్క వాక్యం చాలు. ఏళ్ల తరబడి అన్నదే. నోరు తెరిచాను. మాట రాలేదు. మా ఆయన గదిలోనే, గోడవైపు తిరిగి నిలబడిపోయారు.

పియానో ఆయన నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా తగ్గింది. మేడ మెట్లవైపు చూశాడు. "దొరగారేరీ?" అన్నాడు.

"లేడండీ" అంది మా చెల్లి. "మీరు మొదటిసారి రాయకముందే పోయాడు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. శ్రుతి తప్పిన మీట మళ్లీ నొక్కి చూసుకునేవాడిలా నేలకేసి చూస్తూ, "ఎలా పోయాడు?" అన్నాడు.

"తిండి మానేశాడు. నీళ్లు మాత్రం తెగ తాగేవాడు. మూత్రపిండాలన్నారు."

ఆయన తలెత్తాడు. "కానీ బుడంకాయ అలాగే చేస్తోందని నేను రాసినప్పుడు మీరు..."

ఇది నాకు తెలియని సంగతి. మా చెల్లి మొహం పాలిపోయింది.

"ఏమందండీ?" అన్నాను.

"మావాడూ ఇలాగే చేశాడు, రెండ్రోజుల్లో లేచి తిరిగాడు, కంగారు పడకండి అన్నారు" అన్నాడాయన నాతోనే, మా చెల్లితో కాదు. "ఆ మాట పట్టుకుని ఇంట్లో కూర్చున్నానండీ. తర్వాత డాక్టరు తిట్టాడు. ఒకటి పూర్తిగా పోయింది, రెండోది ఎన్నాళ్లు మోస్తే అన్నాళ్లు అన్నాడు."

బుడంకాయ తన సంగతే మాట్లాడుకుంటున్నారని తెలియక, మెట్లెక్కి పైకి వెళ్లడానికి చూస్తోంది. రెండు మెట్లెక్కి ఆయాసపడి కూర్చుంది.

"ఎందుకే అలా రాశావు?" అన్నాను. ఆయన ముందు అడగకూడదు. అడిగేశాను.

"వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి అని రాశానక్కా మొదట. మీకెలా తెలుసని అడుగుతారు కదా అని చెరిపేశాను." చేతి గోళ్లకేసి చూసుకుంటూ అంది. "లేచి తిరిగాడు అని రాస్తే, నాకు నిజంగా వాడు లేచి తిరిగినట్టే అనిపించింది. ఆ ఒక్క పూట."

నేను టీ పెట్టాను. టీ పెట్టడం తప్ప నాకింకేం చాతనవుతుంది? ఆయన మర్యాదకు సగం తాగాడు. లేచి, మెట్ల మీదనించి బుడంకాయను ఎత్తుకుని, చెప్పులేసుకున్నాడు. గుమ్మంలో ఆగి మా చెల్లితో మాట్లాడాడు, అప్పుడు.

"పోయాడని ఆ మొదటి రోజే చెప్పుంటే, ఆ సాయంత్రమే వచ్చేవాణ్ణండీ. కుక్కను చూడ్డానికి కాదు."

గొడుగు మళ్లీ కుక్కపిల్లకే పట్టి వెళ్లిపోయాడు. మా చెల్లి వీధి మలుపుదాకా చూసింది. వెనక్కి తిరుగుతాడేమోనని నేనూ చూశాను. చంకలోంచి బుడంకాయ ఒక్కతే తిరిగి చూసింది.

ఆ రోజు మంచం తడిగానే ఉంది. "ఏమైనా అనవే" అన్నారు మా ఆయన, ప్రాధేయపడుతున్నట్టు. అటు తిరిగి పడుకున్నాను.

తర్వాత ఆయన దగ్గర్నించి మాట లేదు. మా చెల్లి మాత్రం కొన్నాళ్లు రోజూ, "బుడంకాయకు ఎలా ఉంది?" అని రాసేది. చూసినట్టు గుర్తు పడేది, జవాబు పడేది కాదు. ఒకరోజు మాత్రం, "తింటోంది" అని వచ్చింది. ఆ ఒక్క ముక్కా నాకు చూపించి, ఇక రాయడం మానేసింది.

మొన్న కూరలు తరుగుతుంటే వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. పరిచయం మార్చిందట. "పాటలు వింటాను. ఒక కుక్క ఉండేవాడు. పోయాడు."

"దీన్ని చూసి ఎవరొస్తారే?"

"రాకపోతే పోనీ. ఇంకొకరి కుక్క ప్రాణం మీదకు మాత్రం తేను."

ఏదో హాస్యమాడదామని చూశాను. నాకు అదొక్కటే వచ్చిన విద్య. ఆ పూట అదీ కలిసిరాలేదు. ముక్కలు తరుగుతూనే ఉన్నాను.

అది మేడమీదకు వెళ్లింది. కాసేపటికి, ఇన్ని నెలల తర్వాత, ఆ పాట వినపడింది. మా ఆయన అప్పుడే వీధి చివరనించి తిరిగొచ్చి కుళాయి దగ్గర ఊరికే చేతులు కడుక్కుంటున్నారు. కుళాయి కట్టేశారు. నేను కత్తి పక్కన పెట్టాను. మాటలు ఆగిపోయాయి. వయొలిన్ ఒక్కటే వచ్చింది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. అంతే. ఊళ వేసే ధైర్యం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు.