కాస్త ఆగు

"కూరలో ఉప్పు కాస్త తగ్గినట్టుందే" అన్నాడు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా.

కాస్త అంటే ఎంత అని నేను అడగలేదు. పెళ్లయిన కొత్తలో అడిగి నవ్వులపాలయ్యాను. ఇప్పుడు చేతికే తెలుసు. కాస్త ఉప్పు, కాస్త వేడి, అత్తగారి మోకాళ్లకు కాస్త గట్టిగా మర్దనా. ఆఫీసులో నాకు జీతమిచ్చేది కూడా ఈ కాస్తల కోసమే. ట్రాఫిక్ సిగ్నళ్లకు ఫజ్జీ లాజిక్ నేర్పడం నా పని. ఇన్ని బండ్లకు ఇన్ని సెకన్లని గీత గీసినట్టు కాకుండా, రద్దీ కాస్త పెరిగితే పచ్చదీపం కాస్త ఎక్కువసేపు ఉంచమనీ, మరీ పలచబడితే త్వరగా మార్చమనీ వాటికి చెప్పాలి. "రోడ్డు మీద దీపాలు వెలిగించడానికి అంత చదువెందుకే?" అంటుంది అత్తగారు.

ఇవాళ పొద్దున ఆ ప్రోగ్రామును మొదటిసారి కంప్యూటర్లో నడిపి చూశాం. పెద్ద రోడ్డు మీద బండ్లు హాయిగా సాగిపోయాయి. మేనేజరు సంబరంగా నా పక్కసీటు అతని భుజం తట్టాడు. సందులో మాత్రం ఒక్క బండి ఎర్రదీపం దగ్గరే ఉండిపోయింది. తప్పు నాదే. ఎన్ని బండ్లున్నాయో చూడమన్నాను కానీ, ఎంతసేపటి నుంచి ఆగి ఉన్నాయో చూడమనలేదు. పెద్ద రోడ్డు మీద ఎప్పుడూ ఎక్కువమందే కాబట్టి సందులో బండి వంతు రానే లేదు.

"ఒక్కడే కదా, కాస్త ఆగుతాడులే" అన్నాడు మేనేజరు.

నాకు ఒళ్లు మండింది. వేరే ఊళ్లో సిగ్నళ్లు పెట్టించడానికి ఎవరెళ్తారని ఆఫీసులో అడిగినప్పుడల్లా నేను ఇంటికొచ్చి ఆయన్ని అడిగేదాన్ని. బాబు చిన్నవాడు, కాస్త ఆగు అనేవాడు. అమ్మకు మోకాళ్ల నొప్పి, కాస్త ఆగు. నా ప్రమోషన్ తేలనీ, కాస్త ఆగు. వాళ్లు ముగ్గురు, నేనొక్కదాన్ని. ఎన్నేళ్లుగా ఆగానో ఎవరి లెక్కలోనూ లేదు.

మధ్యాహ్నం కూర్చుని ఇంకో నియమం చేర్చాను. సందులో ఎవరైనా చాలాసేపటి నుంచి ఆగి ఉంటే, ఒక్కరైనా సరే, దారివ్వాలి. మళ్లీ నడిపితే పెద్ద రోడ్డు కాసేపు ఆగింది, తర్వాత కదిలింది. ఎవరి కొంపా మునగలేదు. వేరే ఊళ్లో దీన్ని పెట్టించడానికి ఎవరెళ్తారని మేనేజరు అడిగితే, ఈసారి ఇంట్లో అడగకుండానే చెయ్యెత్తాను.

ఉప్పు డబ్బా తెచ్చి మా ఆయన ముందు పెట్టి, ఆ సంగతి చెప్పాను. ఇప్పుడు తలెత్తాడు.

"ఎన్నాళ్లు?"

"కొన్నాళ్లు."

"కొన్నాళ్లంటే? మరి బాబు? అమ్మ? నా సంగతేంటి?"

ఎప్పుడూ వాళ్లందరి తర్వాత తినే నేను, కంచం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"కాస్త సర్దుకోండి" అన్నాను.