అర్థమైనట్టు సంతకం

ఈశ్వరప్పకు తొడ దగ్గర వెంట్రుకలు గీసి, గౌను తొడిగి, మంచం మీద పడుకోబెట్టి రెండు గంటలైంది. పొద్దుటి నుంచి నోట్లో నీటిచుక్క పోయలేదు. పక్కనే నిలబడిన భార్య కదిరమ్మకు ప్రతాప్ నాలుగు కాగితాలూ ఒక పెన్నూ అందించాడు. అనంతపురంలోని ఆ ఆసుపత్రిలో రోగుల ఇంటివాళ్లతో సంతకాలు పెట్టించేది అతనే.

"ఈడ, ఈడ, ఈడ పెట్టుమ్మా. లోపల డాక్టరు కాసుకోనుండాడు."

ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న భర్త గుండె ఉన్నట్టుండి దడదడా కొట్టుకోవడం, కళ్లు తిరిగి నేస్తున్న చీర మీదికే ఒరిగిపోవడం కదిరమ్మ రెండుసార్లు చూసింది. జబ్బు లేదని ఆమె అనదు. తొడ నరంలోంచి గుండెదాకా సన్నటి తీగ పంపి, తప్పుగా కొట్టించే చోటును కాలుస్తారని మాత్రం చెప్పారు. ఎదురింటి రామాంజులుకూ పోయినేడు ఇంకో ఊళ్లో ఇదే చేశారు. ఛాతీలో బ్యాటరీ మిషనుతో తిరిగొచ్చాడు. అదెందుకు పెట్టారో అతనికి ఈనాటికీ తెలియదు.

"దీంట్లో ప్రమాదమేమన్నా ఉండాదా?"

"ఏం లేదు. రేపు ఇంటికి పోతారు."

"ఏం లేకుంటే నాలుగు కాగితాలెందుకప్పా?"

ప్రతాప్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. సెలైన్ సరిచేస్తున్న నర్సు పద్మజ వైపు తిరిగి, "నువ్వు చదువమ్మా" అంది.

పద్మజ ప్రతాప్‌ను ఓసారి చూసి కాగితం అందుకుంది. ఇంగ్లీషును తెలుగు చేసుకుంటూ మెల్లగా చదివింది. గుండెగోడకు చిల్లుపడి చుట్టూ రక్తం చేరవచ్చు. రక్తం గడ్డ మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. గుండెను కొట్టించే దారే దెబ్బతింటే బతికినన్నాళ్లూ మిషను కావాలి.

"ఇవి ఏ కొందరికో వస్తాయమ్మా. శానామందికి బాగయితాది" అని తనే చేర్చింది.

"ఆ కొందర్లో ఒకడు మా ఎదురింట్లోనే ఉండాడు. కడాన ఏం రాసినారు?"

పద్మజ గొంతు తగ్గింది. "ఇదంతా డాక్టరు నాకు తెలిసిన భాషలో చెప్పినారు, నేనడిగిన వాటికి జవాబిచ్చినారు అని..."

"ఎప్పుడు చెప్పినారు?"

కదిరమ్మ పెన్ను ప్రతాప్ చేతిలో పెట్టేసింది.

"వైద్యం వద్దంటాన్లేదప్పా. ఆ డాక్టర్ని బయటికి రమ్మను. మాత్రలకు తగ్గుతాదో లేదో, మిషను ఎందుకు పెట్టాల్సొస్తాదో ఆయన నోటితో చెప్పనీ. అంతదాకా ఈ అబద్ధం మింద నా చెయ్యి పడదు."

"టైము దాటిపోతే ఇంకో నెల ఆగాల. మధ్యలో ఏమన్నా అయితే నన్నడగొద్దు."

ఈశ్వరప్ప బెదురుగా భార్యను చూశాడు. తల దగ్గరి మానిటర్ తెర మీద గుండె గీతలు ఒకదాన్నొకటి తరుముకోసాగాయి. పద్మజ డాక్టరు కోసం ఆపరేషన్ గదిలోకి పరుగెత్తింది. కదిరమ్మ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ గది తలుపు వైపే చూస్తూ నిలబడింది.