ఒట్టు ఎవరి తల మీద

2018 సెప్టెంబరు పద్దెనిమిది, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. కోలారు పక్కనున్న తమక ఊరి మీద మబ్బు మూసుకుని ఉంది. వాన లేదు, గాలి లేదు. ఆసుపత్రి ఆవరణలో ఆరేసిన దుప్పట్లలో ఒక్కటీ కదలడం లేదు.

పిల్లల వార్డు బయట బెంచీ మీద నేనూ నరసమ్మా కూర్చున్నాం. ఆమె నా చిన్ననాటి స్నేహితురాలు. కోలారు బంగారు గనుల్లో, కోరమండల్ గని కార్మికుల ఇళ్ళ వరుసలో మా ఇళ్ళు పక్కపక్కనే ఉండేవి. లోపల ఆమె మనవరాలు, ఎనిమిదేళ్ళ మునిలక్ష్మి, డెంగీతో పడుకుని ఉంది. జ్వరం నిన్ననే తగ్గింది. తగ్గిన తర్వాతే అసలు ప్రమాదమని డాక్టరు చెప్పాడు. ఉదయం నుంచి పిల్ల చిగుళ్ళలో రక్తం కనిపిస్తోంది. ఎక్కించవలసిన ప్లేట్‌లెట్ల సంచి ఇంకా రాలేదు.

పిల్ల తల్లి మాల మా దగ్గర కూర్చోలేదు. వార్డు గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుంది. నర్సులు ఆమెను దాటుకుని పోతున్నారు. ఆమె ఆపదలచింది ఒక్కరినే: తన భర్త, నరసమ్మ కొడుకు జగదీష్‌ను. అతను మెట్ల కింద బైకులు నిలిపేచోట తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

కారణం ఉగాదినాటిది. బెంగళూరులో రంగులు వేసే పనికి రోజూ రైల్లో పోయివచ్చే జగదీష్‌కు తాగుడు అలవాటైంది. పండుగనాడు గుడిలో అతను ఎడమ చెయ్యి కూతురి తల మీద పెట్టి, మండుతున్న కర్పూరాన్ని కుడి అరచేత్తో ఆర్పి, ఇక ముట్టనని ఒట్టు వేశాడు. మా గనుల మనుషులకు ఇది చిన్న విషయం కాదు. మా నాన్నల కాలంలో, కర్పూరం ఆర్పి మాట తప్పినవాడితో కలిసి గనిలోకి దిగే ఇనుపతొట్టిలో ఎవరూ నిలబడేవారు కాదు. తొట్టి తాడు ఒక్కటే, ఒట్టు పాపం అందరి మీదా పడుతుందని నమ్మేవారు. గనులు మూతపడ్డాయి; ఆ నమ్మకానికి మాత్రం మూత పడలేదు. ఈ నెల మొదట్లో జగదీష్ తాగి ఇంటికి వచ్చాడు. తరువాతి వారం పిల్లకు జ్వరం తగిలింది.

లోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది. "నాయన యాడ?"

మాల కదలలేదు. "వస్తాడులే, పడుకో," అన్నది. తర్వాత నావైపు తిరిగింది. "పెద్దమ్మా, మీరు కాలేజీలో పాఠాలు చెప్పినోళ్ళు. నిజం చెప్పండి. తల మీద పెట్టిన ఒట్టు తప్పితే ఎవురికి తగులుతాది? తప్పినోనికా, తలకా?"

"ఇది దోమవల్ల వచ్చింది మాలా. మీ ఇంటి వెనక నీళ్ళ డ్రమ్ముకు మూత లేదు."

"మూత లేని డ్రమ్ము మా లైన్లో ప్రతి ఇంట్లో ఉండాది. నా బిడ్డకే ఎందుకొచ్చింది?"

దోమ ఎలా వచ్చిందో చెప్పగలను, ఎవరిని ఎందుకు ఎంచుకుందో చెప్పలేను. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నేను మైసూరులో ఎం.ఏ. చదివేటప్పుడు ప్రాచీన ఒడంబడికల మీద రాసిన వ్యాసం. అందులో హెబ్రీ లేఖనాల నుంచి తీసుకున్న ఒక ఘట్టం ఉంది. ఓదార్పు కోసం కాదు, అడిగిన ప్రశ్నకు దగ్గరగా ఉందని చెప్పాను.

అబ్రాహాము అనే ముసలివాడికి, సంతానాన్నీ నేలనూ ఇస్తానని దేవుడు మాట ఇచ్చాడు. నమ్మేదెలా అని ముసలివాడు అడిగాడు. ఆ కాలంలో ఒప్పందం చేసుకునేవాళ్ళు పశువులను రెండుగా నరికి, ఆ ముక్కలను ఎదురెదురుగా పెట్టి, నడుమ నడిచేవారు. మాట తప్పితే నా గతీ ఇంతే అని దాని అర్థం. అబ్రాహాము ముక్కలు పేర్చాడు. వాలిన గద్దలను తోలుతూ సాయంత్రం దాకా కాచుకున్నాడు. పొద్దు వాలేసరికి గాఢనిద్ర పట్టింది, దానితోపాటు భయంకరమైన చీకటి. అప్పుడు పొగలు కక్కే కుంపటి, మండే దివిటీ ఆ ముక్కల నడుమ నడిచిపోయాయి. ఆ నిప్పు దేవుడికి గుర్తు. నడిచింది దేవుడొక్కడే. అబ్రాహాము నడవలేదు.

"ఆ తర్వాత అతని వంశంవాళ్ళు మాట నిలబెట్టుకున్నారా?" అన్నది మాల.

"లేదు. తరతరాలుగా తప్పారు. ఊళ్ళు పోగొట్టుకున్నారు, పరాయి దేశాలకు బందీలుగా పోయారు. తప్పుకు ఫలితం లేదని ఆ లేఖనాలు ఎక్కడా అనవు. కానీ దేవుడు తన మాట వెనక్కి తీసుకోలేదని మళ్ళీ మళ్ళీ చెప్తాయి."

అంతవరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్న నరసమ్మ అడిగింది. "అక్కా, ఆ సామి నిద్రపోయేవాణ్ణి లేపలేదా?"

"లేపలేదు."

"లేపుంటే వాడూ నడిచుంటాడు. నడిచుంటే తప్పుంటాడు, తప్పుంటే చచ్చుంటాడు. తెలిసే లేపలేదు సామి."

పండితులు దీని మీద చాలా రాశారు. అది వేరే సంగతి. నరసమ్మ లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మెట్లు దిగింది. ఆమె చెంగు ముడిలో కర్పూరం ఉందని నాకు తెలుసు. పొద్దున ఆంజనేయుడికని కొన్నది. ఆసుపత్రి ఆవరణలో ఏం చేస్తుందోనన్న భయంతో వెంట దిగాను.

తల్లి బైకుల మధ్య నేల మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించేసరికి, జగదీష్ ఆత్రంగా చెయ్యి చాపాడు. "ఈసారి నిజంగా అమ్మా, నా బిడ్డ మీద..."

నరసమ్మ ఆ చేతిని ఛెళ్ళున కొట్టింది. "తియ్‌రా చెయ్యి! నీ ఒట్లు చాలు. నువ్వు ఊరికే నిలబడు."

ఆమె మంట వైపు వంగింది. "ఈడు నా మనవరాలి తల మీద పెట్టిన ఒట్టు నేను తీసుకుంటాండా. ఈడు తప్పితే నాకు తగలనీ. ఎన్నిసార్లు తప్పినా నా ఇంట్లో ఈనికి అన్నం ఉంటాది." తన కుడి అరచెయ్యి మంట మీద పెట్టి, ఆరేదాకా తీయలేదు.

కాపలాదారు అంజినప్ప లాఠీ ఊపుకుంటూ పరుగెత్తి వచ్చాడు. "ఏమమ్మా, బుద్ధి ఉండాదా? పక్కనంతా బండ్లు, పెట్రోలు! ఆస్పత్రికి వచ్చినావా, తగలబెట్టను వచ్చినావా?"

"ఆర్పేసినా కదప్పా. యాడుంది మంట, చూపించు?"

అతను ఆమె అరచెయ్యి చూశాడు. లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "పైకి పోమ్మా. నర్సునడిగి మందు పెట్టించుకో," అని గొణిగి వెళ్ళిపోయాడు.

జగదీష్‌ను వెంటబెట్టుకుని మేం పైకి వెళ్ళేసరికి మాల గుమ్మంలో లేచి నిలబడి ఉంది. వరండా గోడ మీదుగా అంతా చూసింది, విన్నది.

"అత్తా, ఇట్ల చేస్తే ఆయనకి సుళువై పోతాది."

"అవును, సుళువే."

"మళ్ళా తాగుతాడు."

"తాగొచ్చు. మోసేది నేను కదా, నీకేల ఆ దిగులు? నా చెయ్యి, నా తల." ఆపైన నరసమ్మ లోపలి మంచం వైపు చూసింది. "ఇంగ బిడ్డ తల మీద ఏమీ లేదు మాలా. తీసేసినా. బిడ్డ అడుగుతా ఉండాది, వాణ్ణి పోనీ."

మాల జగదీష్ వైపు చూసింది. అందులో క్షమ ఉందని నేను చెప్పలేను. పక్కకు మాత్రం జరిగింది.

మునిలక్ష్మి తండ్రిని చూసి, చిగుళ్ళు నొప్పి కాబట్టి నోరు పెద్దగా తెరవకుండా, "ఇంతసేపు యాడికి పోయినావు? రైలు తప్పిపోయిందా?" అని అడిగింది. అతను మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

ప్లేట్‌లెట్ల సంచి అప్పుడు వచ్చింది. క్రమం తప్పుగా చెప్పకూడదు: నరసమ్మ కర్పూరం వెలిగించడానికి ముందే ఆ సంచి రక్తనిధి నుంచి బయలుదేరింది. పసుపుపచ్చని ఆ ద్రవం చుక్కచుక్కగా దిగుతుంటే మేం నలుగురం దాన్నే చూస్తూ ఉన్నాం. సాయంత్రం మళ్ళీ రక్తం తీసుకెళ్ళారు. ప్లేట్‌లెట్ల సంఖ్య పెరగలేదు, తగ్గలేదు. మరునాటి ఉదయానికి కొద్దిగా పెరిగింది. ఆదివారం పిల్లను ఇంటికి పంపారు. మాల ఆ రోజే నీళ్ళ డ్రమ్ముకు మూత చేయించింది.

జగదీష్ ఆ దీపావళికే మళ్ళీ తాగాడు. ఆ రాత్రి కూడా నరసమ్మ అతనికి అన్నం పెట్టింది. 2023 మార్చిలో ఆమె గుండెపోటుతో మరణించింది. రక్తపోటు మాత్రలు సరిగా వేసుకునేది కాదని డాక్టరు అన్నాడు, జగదీష్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు, తను తప్పిన ఒట్టే తగిలిందన్నాడు. మునిలక్ష్మి ఇప్పుడు కోలారులో పీయూసీ, అంటే ఇంటర్, చదువుతోంది.