బుచ్చవ్వ వంతు

బుచ్చవ్వకు పద్మశ్రీ మాటిచ్చింది. ఉత్తి మాట కూడా కాదు, కాగితం మీద రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని మరీ ఇచ్చింది. నాలుగు నెలలు పక్కనున్న తార్నాకలోని కలిగినింటి ఆడవాళ్ళు పదిమంది యూనివర్సిటీ క్యాంపస్ స్విమ్మింగ్ పూల్‌లో వ్యాయామం చేస్తారు. క్యాంపస్ ఊడ్చే ఆడవాళ్ళు పదిమంది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, పోలిక కోసం రక్తం మాత్రం ఇస్తారు. ఆ తర్వాతి నాలుగు నెలలు పూల్‌లో ఊడ్చేవాళ్ళ వంతు. అందరూ అరవై దాటినవాళ్ళే.

వయసు మీద పడేకొద్దీ రోగాలను అడ్డుకునే తెల్లకణాలూ ముసలివైపోతాయి. కొత్తవి పుట్టడం తగ్గి, అలిసిపోయినవి పోగుపడతాయి. నీళ్ళలో వ్యాయామం ఆ ముసలితనాన్ని కాస్త వెనక్కి నెడుతుందా అన్నది పద్మశ్రీ పీహెచ్‌డీ. ఆమె గైడు ప్రొఫెసర్ సుబ్బరాయుడు తయారుచేసిన ఫారంలో ఊడ్చేవాళ్ళ పేర్లకు ఎదురుగా "వ్యాయామం: లేదు" అని ఉంది. తెల్లారి నాలుగింటికి లేచి మూడు కిలోమీటర్ల రోడ్డు ఊడ్చే మనిషికి వ్యాయామం లేదట! జనగామ దగ్గర రైతుబిడ్డ, నాట్లేసి వంగిపోయిన తల్లి నడుము చూస్తూ పెరిగిన పిల్ల, పద్మశ్రీ కూడా ఆ ఫారాన్ని మారుమాట లేకుండా నింపింది. ఆ సిగ్గు తర్వాత తెలిసొచ్చింది.

బుచ్చవ్వ మాత్రం రోజులు లెక్కపెట్టుకుంది. సీతాఫల్‌మండి నుంచి కుంటుతూ నడిచొచ్చేది.

"మోకాళ్ళు ఇరుగుతున్నయి బిడ్డా. నీళ్ళల్ల ఒంటి బరువు తెల్వదంటివి గద. నా వంతు ఎప్పుడస్తది?"

"దసరా దాటంగనే, అవ్వా."

అది తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మెకు దిగిన ఏడు. గేటు దగ్గర ముళ్ళకంచెలు, లోపల నినాదాలు, కళ్ళలో బాష్పవాయువు మంట. పూల్‌కూ ఆ సెగ తగిలింది. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ విశాలాక్షిగారూ, నల్లగొండ పట్వారీ ఇంటి భారతమ్మగారూ తొమ్మిదేళ్ళ స్నేహం తెంచుకుని, నీళ్ళలో ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ నిలబడి చేతులాడించేవారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు.

దసరా దాటింది. తార్నాక జట్టు రిపోర్టులు బాగొచ్చాయి. రెండో జట్టు సంగతి అడగబోతే సుబ్బరాయుడు ఒక అర్జీ ముందుకు తోశాడు. ఊడ్చేవాళ్ళు దిగితే నీళ్ళు పాడవుతాయట, తమ ఆరోగ్యం దృష్ట్యా వాళ్ళను రానివ్వొద్దట. మొదటి సంతకం విశాలాక్షిగారిది. దాని పక్కనే, ఆనుకుని, భారతమ్మగారిది.

పద్మశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. కృష్ణా నీళ్ళ దగ్గర కుదరని పొత్తు ఇక్కడెంత చక్కగా కుదిరింది!

"మాటిచ్చాం సార్."

"ఇచ్చాంలేమ్మా. రోజులు బాలేవు. రిపేర్లని పూల్ మూయిస్తున్నాం, ఇహ ఎవరికీ బాధ ఉండదు. నువ్వు రేపు ఆ పదిమంది చివరి రక్తం తీసెయ్. పేపరూ పూర్తవుతుంది, నీ థీసిసూ పూర్తవుతుంది."

మర్నాడు సూదుల పెట్టె పట్టుకుని వెతికితే ఊడ్చేవాళ్ళు ఎక్కడా లేరు.

"సూపర్‌వైజర్ పూల్ కాడికి పంపిండు మేడం" అన్నాడు వాచ్‌మన్ సామేలు. పిచ్చిది పద్మశ్రీ, ఒక్క క్షణం ఆశపడింది కూడా.

పూల్‌లో చుక్క నీరు లేదు. అడుగున పదిమందీ చీపుళ్ళతో పాచి గీకుతున్నారు. బుచ్చవ్వ తలెత్తి చూసి నవ్వింది.

"దిగినం బిడ్డా!"

తర్వాత చీపురు గోడకు ఆనించి, అరచెయ్యి గుండెల మీద అడ్డంగా పెట్టుకుని అడిగింది.

"నీళ్ళున్నప్పుడు గీడిదాంక అస్తుండెనా?"

ముసలమ్మ మెట్ల కడ్డీ పట్టుకుని, మోకాళ్ళు మూలుగుతుంటే ఒక్కో మెట్టే ఎక్కి పైకొచ్చింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని చాపింది.

"ఇయ్యాల రక్తమియ్యాలె గద. గుంజుకో. మాటిచ్చిన గద నీకు."

నిన్నటి కోపం ఒకెత్తు, ఆ చెయ్యి ఒక్కటీ ఒకెత్తు. పద్మశ్రీ పెట్టె తెరవలేదు. నేరుగా సుబ్బరాయుడి గదికి వెళ్ళి, బల్ల మీద పది ఖాళీ గొట్టాలు వరసగా పేర్చింది.

"ఇవి నిండవు సార్. వాళ్ళు నీళ్ళల్ల దిగినంకనే తీస్త." గైడు ముందు ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడే పిల్ల నోట ఇంటిమాట వచ్చేసింది.

"మతి పోయిందా? నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసుకుంటావా?"

"థీసిస్ మీద సంతకం పెట్టకుంటే పెట్టకుండ్రి. బుచ్చవ్వ మాట తప్పలేదు సార్, పాచి చెయ్యి తుడుచుకొని సాపింది. నేనేం మొఖం పెట్టుకొని సూది గుచ్చాలె?"

ఆయన గొట్టాల వంక చూశాడే గాని, ఆమె వంక చూడలేదు.