గొంతును మోసే మాట

నర్సంపేట పక్క పల్లెటూరి బడిలో చదివొచ్చిన కొమురమ్మ హన్మకొండ కాలేజీకి రోజూ వచ్చేది. అయినా రోజూ ఆబ్సెంటే. ఆమె "ప్రెజెంట్ సార్" పెదవులు దాటేది కాదు మరి. హాజరు ఇంకా తగ్గితే హాల్‌టికెట్ రాదని ఇంగ్లీషు సారు సారంగపాణి చెప్పేశాడు.

ఆ రోజు పాఠంలో 'వొసిఫరస్' అన్న మాట వచ్చింది.

"అర్థం చెప్పు బిడ్డా, హాజరేస్త," అన్నాడు సారు.

కొమురమ్మకు తెలుసు. లాటిన్‌లో వాక్స్ అంటే గొంతు, ఫెర్రె అంటే మోయడం. తమ మాటను అరిచి చెప్పేవాళ్ల గురించి వాడతారు. అంతా చెప్పింది, తన ఓణీ అంచుకు.

"జర గట్టిగ చెప్పరాదే!" పక్కనున్న అక్బరీ గిల్లింది.

అంతలో కిటికీ మీద రామచిలుక వాలింది. జొన్నచేలో మంచెనెక్కి పిట్టలను తోలిన పిల్ల ఇక ఆగలేదు.

"హో... హోయ్!"

చిలుక ఎగిరిపోయింది. సారు చేతిలోని చాక్‌పీసు జారింది. పక్క గదిలో లెక్కల పాఠం ఆగిపోయింది.

"గిదే బిడ్డా, వొసిఫరస్ అంటే!" సారు నవ్వుతూ హాజరు వేశాడు.

"థాంక్స్ సార్," అంది కొమురమ్మ.

అది మాత్రం అక్బరీకి కూడా వినబడలేదు.