పక్కింటి నంబరు

మా ఇంట్లో రెండు కంప్యూటర్లుండేవి. రెండూ మావి కావు. చంద్రపూర్‌లో కంప్యూటర్ క్లాసు నడిపే నవనీత్ సర్ మూలన పడేసిన మెషిన్లవి. వాటిని లాల్‌పేట్‌లోని మా బొగ్గుగని క్వార్టర్‌కు ఆటోలో పంపి ఒక షరతు పెట్టాడు. పదిహేను రోజుల్లో ఒకదాన్ని సర్వరుగా తయారుచేయాలి. రెండోది అడిగినప్పుడల్లా అది తనంతట తానే నంబరు ఇవ్వాలి. ఆదివారం పదకొండింటికి వచ్చి చూస్తాడు. పనిచేస్తే ల్యాబ్‌లో ఉద్యోగం నాది. లేకపోతే మెషిన్లు వెనక్కి పోతాయి, ఉద్యోగం నాగపూర్‌లో చదివొచ్చిన ఇంకొకరికి పోతుంది.

బామ్ని ఊరి బడిలో మరాఠీలో చదివినదాన్ని. ఇంగ్లీషు పుస్తకంలో ఒక్కో వాక్యం మూడుసార్లు చదివాను. క్వార్టర్‌కు నంబరు లేకపోతే ఉత్తరం రానట్టే, నంబరు లేని మెషిన్‌తో మరో మెషిన్ మాట్లాడదు. నా సర్వరు ఇచ్చే నంబరు నూటతొంభైరెండుతో మొదలై, చివర పదకొండు, ఆ తర్వాత పన్నెండు, అలా రావాలి.

మొదటి రోజు పదకొండే వచ్చింది. మర్నాడు పొద్దున కూడా పదకొండే. మధ్యాహ్నం మాత్రం మొదట్లోనే పది అని ఉన్న ఏదో నంబరు వచ్చింది. నేను ఎక్కడా రాయని నంబరు.

ఫైలు మొదటినుంచీ చూశాను. అందులో పది లేదు. వైరు మార్చాను. మెషిన్ మూత విప్పి, లోపల పేరుకున్న బొగ్గు దుమ్ము చీపురుపుల్లతో తీశాను. సాయంత్రం మళ్లీ పదే వచ్చింది.

అమ్మ మల్లవ్వ బియ్యం ఏరుతూ నవ్వింది. "దానికి దిష్టి తగిలినట్టుంది బిడ్డా. మిరపకాయలు తిప్పాల్నా?"

"తిప్పే అమ్మా, గదొక్కటే మిగిలింది."

నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు రాసిపెట్టుకోవడం నా అలవాటు. నోటుబుక్కులో గంట, నంబరు, ఇంట్లో అప్పుడు ఏం జరుగుతోందో రాశాను. ఎనిమిది గంటలు, పదకొండు, అమ్మ నల్లా దగ్గర. రెండు గంటలు, పది, అమ్మ పడుకుంది. కరెంటు పోయి వచ్చింది. ఆరు గంటలు, పది, పక్కింట్లో పాటలు. బుధవారం రోజంతా పదకొండే వచ్చింది. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు.

శనివారం ఆ పేజీలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. పది వచ్చిన ప్రతిసారీ పక్కింటి సౌజన్య ఇంట్లోనే ఉంది. పొద్దున తను కాలేజీకి పోతుంది. బుధవారం బల్లార్‌పూర్‌లో పెళ్లికి పోయింది.

తల పైకెత్తి పక్కింటి గోడలో పైనున్న వెంటిలేటర్ వైపు చూశాను. అక్కడినుంచి దిగిన సౌజన్య వైరు మెషిన్లన్నిటినీ కలిపే నా హబ్‌లోనే ఉంది. తన డిప్లొమా ప్రాజెక్టు కాపీ చేసుకోవడానికి నేనే తగిలించాను. అదీ నంబరు అడిగే మెషినే అనుకుని మరిచిపోయాను. అది కూడా ఇస్తుంటే? కొత్త మెషిన్, నాదానికన్నా వేగం. అడిగిన మెషిన్ ముందు ఎవరు పలికితే వాళ్ల నంబరే తీసుకుంటుంది.

ఆదివారం పొద్దున స్టూలు ఎక్కి వైరు మీద చెయ్యి వేశాను. లాగేస్తే అయిపోతుంది. కానీ మా క్వార్టర్ల లైనులో ఒక ఇంటికి చుట్టాలొస్తే, అన్నం తక్కువ పడకుండా పక్కింటివాళ్లు అడక్కుండానే ఇంకో గిన్నె పొయ్యి మీద పెడతారు. ఆ గిన్నెను ఎవరూ వెనక్కి పంపరు. స్టూలు దిగి పక్కింటికి పోయాను.

"సౌజన్యా, నీ మెషిన్ నంబర్లిస్తుందా?"

"ఇస్తుంది గదా!" మొహం వెలిగింది. "నువ్విచ్చిన సర్వరు సీడీనే ఏసిన అక్కా. నీ సర్వరు సార్ ముంగట మొరాయిస్తే నాది అందుకుంటదని."

"మరి చెప్పకపోతివి?"

"కూర పంపేటప్పుడు చెప్పి పంపుతమా?"

"ఇయ్యాల బంద్ చెయ్యవే. రెండు గిన్నెలైతే నా రెండో మెషిన్‌కు ఏ గిన్నెల తినాల్నో తెలుస్తలేదు."

"అంటే నా గిన్నె వద్దన్నట్టేనా?"

"నువ్వే నా ఇంటికి తిననీకి రా. నీ మెషిన్‌ను నంబరు అడగమను, నేనిస్త."

ఆమె మొహం తిప్పుకుంది.

సర్ పదకొండింటికే వచ్చాడు. నంబర్లు పదకొండు నుంచి మొదలవుతాయని చెప్పి, రెండో మెషిన్‌తో పాత నంబరు వదిలించి కొత్తది అడిగించాను. తెర మీద ఇసుక గడియారం గుర్తు తిరుగుతూనే ఉంది. వెంటిలేటర్ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

నూటతొంభైరెండు వచ్చింది. చివర మాత్రం పన్నెండు.

"పదకొండు నుంచి మొదలన్నవు గదా?" సర్ ముందుకు వంగాడు. "పదకొండేది?"

నాకూ తెలియలేదు. ఏడు రోజులుగా వెతుకుతున్న నంబరు, సరిగ్గా ఇప్పుడే ఎక్కడికి పోయింది?

గోడ అవతలినుంచి కేక వినిపించింది. "రజినక్కా! నాకు పదకొండొచ్చింది! నీకెంతొచ్చింది?"

సర్ గోడ వైపు చూశాడు. వైరు వైపు చూశాడు. వచ్చి నోటుబుక్కు అందుకుని, నిలబడే నాలుగు పేజీలు తిప్పాడు. 'అమ్మ నల్లా దగ్గర' అన్నచోట ఆగి, "ఇది గుడ రాసినవా?" అన్నాడు.

"ఏది కారణమో తెల్వక అన్నీ రాసిన సార్."

"సోమవారం పదింటికి ల్యాబ్‌కు రా. ఈ బుక్కు తెచ్చుకో." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "అక్కడ మాత్రం వెంటిలేటర్లకెల్లి వైర్లు ఏయకు."

ఆయన పోయాక సౌజన్య అటుకుల పోహే గిన్నెతో వచ్చింది. నా చేతికి ఇవ్వకుండా స్టూలు మీద పెట్టింది.

"పన్నెండా?" అంది. "నాకంటే ఎనక."